బీరువాలో లెన్సుకు ఇంటివైద్యం



ఊరగాయల సంగతో, పిల్లల చదువుల సంగతో చెప్పుకునే వేళ ఈవిడ కెమెరా లెన్సు రిపేరంటూ వచ్చిందేమిటా అనుకుంటున్నారు కదూ! నేను మెకానిక్కునేం కాను. మీలాగే ఇల్లు చక్కబెట్టుకునే మనిషిని. అయితే మన ఇళ్ళల్లో చాలా చోట్ల, బీరువా పై అరలోనో, పెట్టెలో పాత చీరల కిందో, ఒక పాత కెమెరా ఉంటుంది. దాన్ని వాడం, పారెయ్యం. దాని లెన్సుకు పట్టిన జబ్బును చాలావరకు మనమే వదిలించుకోవచ్చు. ఎక్కడిదాకా మన చేతి పనో, ఎక్కడ చెయ్యి వెనక్కు తీసుకోవాలో తెలిస్తే చాలు. అదే ఈ పూట చెప్పబోతున్నాను.

మాది విశాఖపట్నం. మా మామగారు స్టీల్‌ప్లాంటులో పనిచేసేవారు. ఆ రోజుల్లో అక్కడున్న రష్యన్ ఇంజనీరు ఒకాయన తిరిగి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ అమ్మితే, జెనిట్-ఇ అనే కెమెరా కొనుక్కున్నారు. మా పెళ్ళి ఫోటోలు, మా అమ్మాయి అన్నప్రాశన ఫోటోలు అన్నీ దాంతో తీసినవే. ఆయన పోయాక మా అత్తగారు ఆ కెమెరాను తోలు కవరుతో సహా తువ్వాల్లో చుట్టి, నాలుగు కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టేశారు. ఏటా సంక్రాంతికి బీరువా సర్దినప్పుడు మూట పైకి తీసి, దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేవారు. విప్పేవారు కాదు.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీలో చదువుతూ కొత్తరకం డిజిటల్ కెమెరా ఒకటి పట్టుకు తిరుగుతోంది. పాత లెన్సులు కూడా దానికి తగిలించుకోవచ్చట. "మామ్మా! తాతగారి లెన్సు ఇవ్వవూ" అని అడిగింది. మూట విప్పితే ఏముంది! లోపల అద్దం మీద సాలెగూడు అల్లినట్టు బూజు. ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు ఒక్కసారి వెలుగుకేసి పట్టి చూసి, "ఇది పోయిందండీ, పడెయ్యండి" అన్నాడు. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. లెన్సు చేతిలోకి తీసుకుని, ఇంటికొచ్చి, మళ్ళీ అదే తువ్వాల్లో చుట్టడం మొదలుపెట్టారు. ఆవిడ చేతుల్ని చూస్తూ ఊరుకోలేకపోయాను. "ఒక్క వారం నాకివ్వండి అత్తయ్యా" అన్నాను.

ముందు ఆ వస్తువేమిటో తెలుసుకుందాం. జెనిట్-ఇ కెమెరాను 1965 నుంచి మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ అనే ఊళ్ళో తయారుచేశారు. దానికి చాలా వాటితో వచ్చే లెన్సు పేరు హీలియోస్-44-2. జర్మనీలోని యేనా నగరంలో జైస్ కంపెనీవారు చేసిన బయోటార్ అనే లెన్సు అమరికే దీనికి మూలం. లోపల మొత్తం ఆరు గాజు బిళ్ళలు. ముందువైపు ఒకటి విడిగా, రెండు అతికించి. వెనకవైపు రెండు అతికించి, ఒకటి విడిగా. మధ్యలో ఎనిమిది నల్లటి పల్చని రేకులు. మన కంటిపాప వెలుగునుబట్టి చిన్నదీ పెద్దదీ అయినట్టు, ఈ రేకులు ముడుచుకుంటూ విచ్చుకుంటూ లోపలికొచ్చే వెలుతురును తగ్గిస్తాయి, పెంచుతాయి. దీన్ని ఎపర్చరు అంటారు. ఈ లెన్సులో ఎక్కడా కరెంటు లేదు, మోటారు లేదు. అంతా మరలూ రింగులూ. అందుకే ఇంట్లో విప్పుకోవడానికి వీలైన వాటిలో ఇదొకటి. ఆటోఫోకస్ లెన్సులకు మాత్రం ఈ వైద్యం చెయ్యకండి. ఫ్లాష్ లైటు జోలికి అసలే పోకండి. బ్యాటరీ తీసేసినా అందులో కరెంటు నిలవ ఉండి పెద్ద షాక్ కొడుతుంది.

వైద్యానికి ముందు పరీక్ష. చీకటి గదిలో లెన్సుకు ఒక వైపునుంచి టార్చి వేసి, రెండో వైపునుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సూర్యుడికేసి పెట్టి మాత్రం చూడకండి, కన్ను పోతుంది. నాలుగు రవ్వల దుమ్ము కనబడితే అది జబ్బు కాదు, వదిలెయ్యండి. గాజు లోపలే ఒకటి రెండు చిన్న బుడగలుంటే అవి పుట్టుమచ్చల్లాంటివి, ఫోటోకేమీ అడ్డురావు. సన్నని వేళ్ళలాగా, కొమ్మల్లాగా పాకినది కనబడితే అదీ బూజు. ఎపర్చరు రేకులు తడిగా మెరుస్తుంటే అది నూనె. ఫోకస్ రింగు తిప్పబోతే కదలక మొరాయిస్తే అది గడ్డకట్టిన గ్రీజు. పాత లెన్సుకు సాధారణంగా వచ్చే జబ్బులు ఈ మూడే. మొదటి రెండూ మన చేతిలో పని. మూడోదాని సంగతి తరవాత చెబుతాను.

ఇక కావలసిన సరంజామా. కంసాలులు, వాచీలవాళ్ళు వాడే సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు ఒకటి. లెన్సు స్పానర్ అని రెండు మొనలున్న పనిముట్టు ఒకటి. మొనల మధ్య దూరం మనకు కావలసినట్టు జరుపుకుని బిగించుకోవచ్చు. స్టూలు కాళ్ళకు తొడిగే రబ్బరు బుష్ ఒకటి, లెన్సు ముందు రింగుకు సరిపోయే కొలతలో. ఇయర్ బడ్స్, శుభ్రమైన దూది, కళ్ళజోడుతో ఇచ్చే మెత్తటి గుడ్డ. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాలు, హైడ్రోజన్ పెరాక్సైడు, ఒక సీసా డిస్టిల్డ్ వాటరు. ఇంట్లో శానిటైజరు ఉంది కదా అని అది వాడకండి. అందులో జిగురు, గ్లిజరిన్ లాంటివి కలుస్తాయి, అద్దం మీద మరకలు కడతాయి. గోళ్ళరంగు తుడిచే ద్రావకం అసలే వద్దు, అది రంగునూ ప్లాస్టిక్కునూ తినేస్తుంది.

ఇంకొక్కటి. విప్పిన మరలు, రింగులు వరసగా పెట్టుకోవడానికి మన గుంత పొంగణాల పెనాన్ని మించింది లేదు. మొదట విప్పింది మొదటి గుంటలో, రెండోది రెండో గుంటలో. బిగించేటప్పుడు చివరినుంచి వెనక్కి వస్తే సరి. ఇడ్లీ రేకు మాత్రం వద్దు సుమండీ! దానికి చిల్లులుంటాయి, ఆవగింజంత మర ఎటు జారిందో వెతుక్కోలేక చస్తాం. ఫాను ఆపి, బల్లమీద తెల్ల తువ్వాలు పరిచి, పగటివేళ కూర్చోండి. ప్రతి అంచెలోనూ ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఒకే పేరుగల లెన్సయినా, తయారైన కర్మాగారాన్ని బట్టీ ఏడాదిని బట్టీ లోపల చిన్న చిన్న తేడాలుంటాయి. మీకు దారి చూపించేది మీరు తీసుకున్న ఆ ఫోటోలే.

లెన్సు ముందువైపు పేరూ అంకెలూ చెక్కిన రింగు ఒకటి కనబడుతుంది. రబ్బరు బుష్ బోలుగా ఉన్న వైపు దాని మీద ఆనించి, గట్టిగా నొక్కి, ఎడమకు తిప్పండి. బోలు భాగం కింద అద్దం ఉంటుంది గనుక రబ్బరు అద్దానికి తగలదు. బిగుసుకుపోయిన పచ్చడి సీసా మూతకు రబ్బరు గుడ్డ పట్టి తిప్పుతామే, అదే కిటుకు. ఆ రింగు వచ్చాక లోపల రెండు గాట్లున్న ఇంకో రింగు కనబడితే, స్పానర్ మొనలు ఆ గాట్లలో ఆనించి నెమ్మదిగా తిప్పాలి. ముందువైపు గాజు బిళ్ళలు చేతికొస్తాయి. ఏ బిళ్ళ ఏ ముఖం పైకి ఉందో చూసుకుని ఫోటో తీసుకోండి. తారుమారైతే బొమ్మ కుదరదు. అతికించి ఉన్న రెండు బిళ్ళల్ని విడదీసే ప్రయత్నం ఎప్పుడూ చెయ్యకండి.

ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. ముందువైపు అంతా సవ్యంగా వచ్చేసరికి నాకు ధీమా వచ్చేసింది. అప్పటికి నా దగ్గర స్పానర్ లేదు. దానికోసం మళ్ళీ బజారుకెవరు వెళతారని, మా అమ్మాయి చిన్నప్పటి జామెట్రీ బాక్సులోంచి డివైడర్ తీసి, దాని మొనలతో వెనకవైపు రింగు తిప్పబోయాను. కీచుమంది. డివైడర్ కాళ్ళు విచ్చుకుని, ఒక మొన జారి, అద్దం మీద ఈ చివరనుంచి సగందాకా గీత పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అలాగే అయింది. బూజు దానంతటది వచ్చింది. గీత నేను పెట్టింది. పైగా వెనక అద్దం మీది గీత ముందు అద్దం మీది గీతకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అత్తగారికి చెప్పే ధైర్యం చాలక, అన్నీ పెనంలోనే పెట్టి, పైన గుడ్డ కప్పి పడుకున్నాను. అందుకే మీకు రెండుసార్లు చెబుతున్నాను: మొనలు బిగించుకోవడానికి వీలున్న స్పానర్ దొరికేదాకా వెనకవైపు ముట్టుకోకండి. మొదటిసారి విప్పేవాళ్ళు, పాత సామాన్ల దుకాణంలో ఎందుకూ పనికిరాని లెన్సొకటి కొని దాని మీద చెయ్యి తిప్పుకోవడం ఇంకా మంచిది.

రెండు రోజుల తరవాత స్పానర్ తెప్పించి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి వెనకవైపు రింగు బుద్ధిగా వచ్చింది.

ఇప్పుడు బూజు సంగతి. బూజు అద్దంలోని గాజును తిని బతకదు. గాజు మీద చేరిన సన్న దుమ్మూ, జిడ్డూ దాని తిండి. గాలిలో తేమ ఎక్కువై, చీకటిగా, కదలిక లేకుండా ఉంటే అది పాకుతుంది. అలా పాకుతూ ఒక రకం పులుపును వదులుతుంది. ఏళ్ళు గడిస్తే ఆ పులుపు అద్దం మీది పూతనూ, ఆపైన గాజునూ తినేస్తుంది. కాబట్టి తుడిస్తే బూజు పోతుంది గాని, అది తిన్న మచ్చ పోదు. ఎంత తొందరగా తుడిస్తే అంత నయం.

ముందు గాలి బుడ్డితో దుమ్ము ఊదెయ్యండి. దుమ్ముండగా తుడిస్తే ఇసుక పెట్టి తోమినట్టే. పెరాక్సైడు సీసా మీద 6 శాతం అని ఉంటే దానికి సమానంగా డిస్టిల్డ్ వాటరు కలపండి. దూదిని అందులో తడిపి, పిండి, బూజు మీద కొద్ది నిమిషాలు ఆనించి ఉంచండి. తరవాత నడిమినుంచి అంచులకు గుండ్రంగా, వత్తకుండా తుడవండి. ఆ దూది మళ్ళీ వాడకుండా పారేసి, డిస్టిల్డ్ వాటరు తడితో ఒకసారి, ఆల్కహాలు తడితో ఒకసారి తుడిచి, మెత్తటి గుడ్డతో ముగించండి. ఏ ద్రవమైనా గుడ్డ మీదే వెయ్యాలి, అద్దం మీద పొయ్యకూడదు. గాజు బిళ్ళల అంచులకు నల్లరంగు వేసి ఉంటుంది, అది కరిగిపోతుంది. అతికించిన బిళ్ళల మధ్య జిగురు దాకా ద్రవం పోతే అదీ చెడుతుంది. అందుకే గిన్నెలో నానబెట్టడం అసలు పనికిరాదు.

మా లెన్సులో బూజు ముప్పాతికవంతు వదిలింది. అంచున మాత్రం రెండు మచ్చలు మిగిలాయి. వాటివల్ల మామూలు ఫోటోకు తేడా తెలియదు. ఎండకు ఎదురుగా నిలబడి తీస్తే కాస్త తెల్లగా పొగకమ్మినట్టు వస్తుంది, అంతే.

గాజు బిళ్ళలు పక్కన పెట్టిన సమయంలోనే ఎపర్చరు రేకుల పని చూడండి. రింగుల మరలకు పెట్టిన గ్రీజు ఎండలకు కరిగి, అందులోని నూనె పాకి ఈ రేకుల మీదికి చేరుతుంది. నూనెతో రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. బలవంతంగా తిప్పితే వంగిపోతాయి. సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలుతో ఇయర్ బడ్‌ను కొంచెం తడిపి, రేకుల్ని సుతారంగా తుడవండి. రింగు తిప్పి రేకులు తెరవండి, మూయండి, మళ్ళీ తుడవండి. బడ్ మీద నలుపు రావడం మానేదాకా, ఓపిగ్గా. రేకుల్ని మాత్రం విప్పి బయటికి తియ్యకండి. ఎనిమిదింటినీ మళ్ళీ పేర్చడం మహా చిక్కుపని. ఈ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. వంటింట్లోనూ, దేవుడి దీపం దగ్గరా వద్దే వద్దు, భగ్గుమంటుంది.

ఇక మూడో జబ్బు, బిగుసుకుపోయిన ఫోకస్ రింగు. మనందరి ఇళ్ళల్లో కుట్టుమిషను నూనె ఉంటుంది. రెండు చుక్కలు వేస్తే పోలా అనిపిస్తుంది. దయచేసి వెయ్యకండి. ఆ పల్చని నూనె రెండు నెలల్లో రేకుల మీదికీ, అద్దాల మీదికీ పాకుతుంది. దీని అసలు వైద్యం మరల్ని పూర్తిగా విడదీసి, పాత గ్రీజు కడిగి, కొత్తది పట్టించడం. చిక్కేమిటంటే, ఆ మరకు మన సీసా మూతలాగా ఒకటే మొదలుండదు, చాలా ఉంటాయి. విడిపోయిన చోటే మళ్ళీ అందుకోకపోతే రింగు తిరుగుతుంది గాని దూరపు వస్తువు ఎప్పటికీ స్పష్టంగా కనబడదు. చెయ్యి తిరిగినవాళ్ళయినా విడిపోయే చోట గుర్తుపెట్టుకునే విప్పుతారు. నేనక్కడ ఆగిపోయాను. ఒక తప్పు చేసినదాన్ని, రెండోది చేసే సాహసం లేకపోయింది. మా లెన్సు రింగు ఇప్పటికీ కొంచెం బిగుతే. కదులుతుంది, అది చాలు.

బిగించేటప్పుడు తొందర వద్దు. సన్నమరలు అడ్డంగా పడితే పాడవుతాయి. రింగును చోట్లో పెట్టి ముందు ఎడమకు, అంటే విప్పే వైపుకు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట 'టిక్కు'మని దిగుతుంది. అక్కడినుంచి కుడికి తిప్పితే సాఫీగా వెళుతుంది. బిగువు తగలగానే ఆపెయ్యండి.

ఇక ఆ గీత. బూజులాగా అది తుడిస్తే పోయేది కాదు. గీత మీద పడిన వెలుగు చెదిరి బొమ్మను చెరుపుతుంది. అందుకని ఒక పాత ఉపాయముంది. గీతలో మాత్రమే సన్నగా నల్ల ఇంకు నింపి, చుట్టూ అంటింది తుడిచెయ్యడం. వెలుగు చెదరడం తగ్గుతుంది. సూది మొనతో కాదు, అగ్గిపుల్ల చివర చెక్కి దాంతో నింపాను.

మర్నాడు పొద్దున్నే అత్తగారి దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, లెన్సును కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశారు. "నా కంట్లో శుక్లం తీసినప్పుడు డాక్టరు నాకు కొత్త లెన్సు వేశాడు. నువ్వు పాతదే బాగుచేశావు" అన్నారు. తరవాత ఆ నల్ల గీత చూసి, "దిష్టిచుక్కలే, ఉండనీ" అన్నారు. నాకు అప్పటికి ఊపిరాడింది.

ఈ లెన్సు కొత్త కెమెరాకు ఎలా అమరుతుందని మీ పిల్లలడిగితే ఇలా చెప్పండి. దీని వెనక 42 మిల్లీమీటర్ల మర ఉంటుంది. దాన్ని ఎం-42 అంటారు. ఆ మరకు సరిపడే అడాప్టర్ రింగులు దొరుకుతాయి. ఈ లెన్సు ఫిల్ముకు 45 మిల్లీమీటర్ల పైచిలుకు దూరంలో ఉండాలని చేసినది. ఇప్పటి అద్దంలేని కెమెరాల్లో, అంటే మిర్రర్‌లెస్ కెమెరాల్లో, ఆ దూరం బాగా తక్కువ. మిగిలిన దూరాన్ని అడాప్టర్ భర్తీ చేస్తుంది. కెమెరా సెట్టింగుల్లో 'లెన్సు లేకున్నా షట్టర్ పనిచెయ్యాలి' అన్నది ఎంచుకోవాలి, లేకపోతే కెమెరా బటన్ నొక్కినా కదలదు. మా అమ్మాయి డాబా ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ను చూసి, దూరం స్పష్టంగా కుదిరిందని కిందికి కేకేసి చెప్పింది. మీరూ బిగించాక దూరపు వస్తువు ఒకటి చూసి పరీక్ష చేసుకోండి.

చివరగా, ఇంత పాటు మళ్ళీ పడకుండా జాగ్రత్తలు. తోలు కవరు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, అందులో దాచకండి. కలరా ఉండలు, కర్పూరం పక్కన పెట్టకండి. కెమెరా కంపెనీలవారే కూడదంటారు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే జెల్ అయితే తేమ పట్టిందీ లేనిదీ దానంతటదే చెబుతుంది. రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. డబ్బాలో తేమ 40, 50 శాతం మధ్య ఉంటే బూజుకు చోటుండదు. బియ్యంలో దాచడం వద్దు, దాని పిండి లెన్సులోకే పోతుంది. నెలకోసారి బయటికి తీసి, రింగులన్నీ ఒకసారి తిప్పి, కాసేపు వెలుతురు చూపించండి. ఎండలో కిటికీ దగ్గర మాత్రం వదిలి వెళ్ళకండి. భూతద్దంలాగే ఇది కూడా పరదాను అంటించగలదు.

ఆ సాయంత్రం మా అమ్మాయి తీసిన మొదటి ఫోటో వాళ్ళ మామ్మదే. వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారావిడ. ఒక పక్క కాస్త పొగకమ్మినట్టుంది. బూజు మచ్చదో, నా గీతదో తెలియదు. అత్తగారు ఆ ఫోటో పెద్దది వేయించి, మామగారు తీసిన మా పెళ్ళి ఫోటో పక్కన గోడకు పెట్టించారు. మూట కట్టిన తువ్వాలు ఉతికి మామూలు వాడకంలో వేశారు.